చివర మిగిలిన సున్నా

"పన్నెండింటికి ఫైలు మూసేస్తున్నాను మేడమ్. ఇంకో గంట మీకోసం ఆగుతాను. అంతే," అన్నాడు ఇన్‌స్పెక్టర్, గుమ్మంలో అడ్డంగా నిలబడి.

"ఆగితే ఆగావు గానీ, కాస్త పక్కకి జరిగి ఆగు. లోపలికి వెళ్ళాలి."

అతను జరిగాడు. జరిగినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఒకప్పుడు ఈవిడ కింద పనిచేసినవాడు మరి. ఆ అలవాటు కాళ్ళలో ఉండిపోయింది.

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, పోలీసు ఉద్యోగంలో ఉండగానే అందరూ నిదానమ్మ అనడం మొదలెట్టారు. ఎదురుగా దొంగ పరిగెడుతున్నా చెప్పు పట్టీ సరిచేసుకునే బయల్దేరుతుందని వేళాకోళం. ఉద్యోగం వదిలేసి సొంతంగా కేసులు చూసుకుంటున్నా ఆ పేరు మాత్రం ఆవిణ్ణి వదల్లేదు.

మూడో అంతస్తులో ఒకే ఒక్క గది. ఒక గోడ నిండా ఇనప అరల్లో కంప్యూటర్లు. ఇంకో గోడకి నల్లబోర్డు. వెనక బాల్కనీ. ఏసీ చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. కంప్యూటర్ల ఫ్యాన్లు ఒకటే గుయ్యిమంటున్నాయి. నిన్న రాత్రి ఈ గది మనిషి ఆ బాల్కనీలోంచి కింద పడి చనిపోయాడు. రిటైరైన లెక్కల మేష్టారు. కాలేజీలో అందరూ పెద్ద మేష్టారు అనేవారట.

ఇలాంటి గదిలోకి అడుగుపెట్టిన రోజు ఒకప్పుడు నిదానమ్మకి ముద్ద దిగేది కాదు. భర్త పోయిన దగ్గర్నుంచి ఆ బాధ పోయింది. పనికి మంచిదేలే అనుకుంది మొదట్లో. ఇప్పుడు భయంగా ఉంది. కింద సిమెంటు మీద మరక చూసి వచ్చింది, మెట్లెక్కుతూ సాయంత్రం కూర ఏం చెయ్యాలా అని ఆలోచించింది. తనకేదో అయింది.

"చూశారా? దూకే ముందు వేరే ఉత్తరం ఎందుకు?" బోర్డు వైపు వేలు చూపించాడు ఇన్‌స్పెక్టర్.

బోర్డు మధ్యలో తొమ్మిదంకెల సంఖ్య ఒకటి. దాని పక్కన చిన్నగా ‘రెండోసారి’ అని. కింద ఒక సున్నా. మామూలు సున్నా కాదు, మనిషి తల పట్టేంత సున్నా. చాక్‌పీసుతో దాని మీదే తిప్పి తిప్పి దిద్దారు. విరిగిన ముక్కలు రెండు కింద పడున్నాయి.

"కంప్యూటర్‌లో కూడా అదే," అన్నాడతను. తెర మీద ఒక వరస: అదే తొమ్మిదంకెల సంఖ్య, దాని పక్కన 0. "ముప్పై ఏళ్ళుగా ఒక అంకె కోసం వెతుకుతున్నాడట. చివరికి సున్నా వచ్చింది. పెద్దగా రాశాడు, దూకేశాడు. ఆయన స్నేహితుణ్ణి అడిగాం, సున్నా అంటే ఏమీ దొరకలేదనే అర్థమన్నాడు. పదిన్నర పదకొండు మధ్య ప్రాణం పోయిందన్నాడు డాక్టరు. ఫోన్ ఆయనతోపాటే పడి తుక్కయింది. ఇంకేం కావాలి మీకు?"

"చేతులు ఎలా ఉన్నాయి?"

"ఎవరివి?"

"నావి కాదులే, చలికి బిగుసుకుపోయాయి. ఆయనవి."

"తెల్లగా ఉన్నాయి. సుద్ద."

నిదానమ్మ బాల్కనీలోకి వెళ్ళింది. పిట్టగోడ లేదు, నడుము ఎత్తు ఇనప కమ్మీ, నల్ల పెయింటు. వంగి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది. దుమ్ముంది. దుమ్ము మధ్యలో ఒకచోట బట్ట రాసుకున్నట్టు చెరిగింది. తెల్లమరక ఒక్కటి లేదు.

"కమ్మీ పట్టుకోకుండా ఎలా ఎక్కాడు? ఈ వయసులో మెట్టెక్కాలన్నా ఏదో ఒకటి పట్టుకుంటాం."

"వంగి ముందుకి పడుండొచ్చు."

"ఇది చూడు మరి."

బాల్కనీ తలుపు చెక్క ఫ్రేము మీద, భుజమెత్తులో, తెల్లగా వేలిముద్రలు. నాలుగు వేళ్ళు గది వైపు, బొటనవేలు బయటి వైపు. నాలుగు వేళ్ళూ బయటికి జారినట్టు పొడుగాటి గీతలు.

ఆవిడ బాల్కనీలో నిలబడి, గది వైపు తిరిగి, తన చెయ్యి గాల్లోనే ఆ గుర్తుల మీద పెట్టి చూపించింది. "ఇలా పట్టుకోవాలంటే మొహం గది వైపు, వీపు వీధి వైపు ఉండాలి. దూకేవాడు వెనక్కి నడుస్తాడా? నడిచాడే అనుకో, తలుపెందుకు పట్టుకుంటాడు?"

ఇన్‌స్పెక్టర్ ఆ గుర్తుల్ని చాలాసేపు చూశాడు. తెలివితక్కువవాడేం కాదు, తొందర మనిషి అంతే. "ఆ చేతులతో ఆయన రోజంతా ఈ గదిలోనే తిరుగుతాడు మేడమ్. సుద్ద ఎక్కడైనా అంటుతుంది. దీన్ని పట్టుకెళ్ళి పై ఆఫీసరుకి చూపిస్తే నన్ను పట్టుకుని నవ్వుతాడు. కారణం కావాలి. చంపేంత కారణం ఎవరికుంది? నగా నట్రానా? ఈ డొక్కు కంప్యూటర్లా?"

అదీ నిజమే.

"ఆ స్నేహితుణ్ణి పిలువు."

స్నేహితుణ్ణి చిన్న మేష్టారంటారు. యాభై దాటాయి, జుట్టు సగం నెరిసింది, అయినా చిన్న మేష్టారే. అదే కాలేజీలో పెద్దాయన తర్వాత చేరాడు, ఆయన తర్వాతే రిటైరవుతాడు. ముదురు రంగు స్వెటర్‌లో చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి. ఏడ్చిన కళ్ళే, అందులో అబద్ధం లేదు.

"నాకు లెక్కలు రావు మేష్టారూ. పిల్లలకి చెప్పినట్టు చెప్పండి. ఏం వెతికేవారు మీరిద్దరూ?"

పాఠం అనేసరికి అతని వెన్ను కొంచెం నిటారుగా అయింది. "ప్రధాన సంఖ్య అంటే ఒకటితోనూ, తనతోనూ తప్ప ఇంక దేనితో భాగించినా సరిగ్గా పోదు. ఏడు, పదమూడు, ముప్పై ఒకటి... అలా. చిన్నవి బోలెడు. పెద్దవి దొరకడమే కష్టం. బోర్డు మీద ఉంది చూశారూ, అన్నిసార్లు రెండుని రెండుతో హెచ్చవేసి, వచ్చిందాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య. దాన్ని పూర్తిగా రాస్తే మూడు కోట్ల అంకెలు దాటుతాయి. ఈ బిల్డింగు గోడలు చాలవు."

"అంత పెద్దదాన్ని దేనితో పోతుందో ఎలా చూస్తారు? ఒక్కొక్కదానితో భాగించుకుంటూ కూర్చుంటే..."

"యుగాలు పడుతుంది. అందుకే భాగించం. దానికో పరీక్ష ఉంది. నాలుగుతో మొదలుపెట్టి ఒకే పని మళ్ళీ మళ్ళీ చేసుకుంటూ పోతే, చివరికి మిగిలిన శేషం చెప్పేస్తుంది, ప్రధానమా కాదా అని. ఏది భాగిస్తుందో తెలియకపోయినా, భాగించేది ఒకటుందని మాత్రం ఖాయంగా తెలిసిపోతుంది."

ఎవరు చేశారో తెలియకపోయినా ఎవరో చేశారని తెలిసిపోవడం. అది తన వృత్తే అనుకుంది నిదానమ్మ.

"మరి నిన్న శేషం సున్నా వచ్చింది."

అతను తల దించుకున్నాడు. "అవునండీ. సున్నా. అంటే ఇదీ కాదన్నమాట. అన్నగారు తట్టుకోలేకపోయారు."

"‘రెండోసారి’ అని రాశారెందుకు?"

అతను స్వెటర్ చేతులు కిందికి లాక్కున్నాడు. "కంప్యూటర్లు కూడా తప్పులు చేస్తాయండీ. నెలల తరబడి హెచ్చవేస్తూ ఉంటే ఎక్కడో ఒక్క అంకె జారితే చాలు, చివరికొచ్చేదంతా చెత్తే. అందుకే ఒకరు చూసి పక్కన పెట్టిందాన్ని కొన్నేళ్ళయ్యాక ఇంకొకరు వేరే మెషిన్ మీద మళ్ళీ చూస్తారు. మా పద్ధతి అది."

"మొదటిసారి ఎవరు చూశారు దీన్ని?"

"గుర్తులేదు. వేలల్లో ఉంటాయి."

"నిన్న రాత్రి ఎక్కడున్నారు?"

"తొమ్మిదికల్లా ఇంటికెళ్ళిపోయాను. పొద్దున ఇన్‌స్పెక్టర్ గారు ఫోన్ చేస్తేనే తెలిసింది నాకు."

గుర్తులేదన్న మాట నిదానమ్మకి నచ్చలేదు. పిల్లల రోల్ నంబర్లు రిటైరయ్యేదాకా గుర్తుంచుకునే జాతి ఇది. కానీ నచ్చకపోవడం సాక్ష్యం కాదు.

పెద్ద మేష్టారి కూతురు మెట్ల మీద కూర్చుని ఉంది. ఈ కేసు నిదానమ్మకి అప్పగించింది తనే. కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. వారం క్రితమే ఆపరేషన్ అయింది, పొట్ట మీద చెయ్యి పెట్టుకునే కూర్చుంది. మొహంలో ఏమీ లేదు. ఆ మొహం నిదానమ్మకి బాగా తెలుసు, రోజూ అద్దంలో చూస్తున్నదే.

"పన్నెండింటికి మూసేస్తారటగా," అంది ఆ అమ్మాయి, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

"నువ్వు నన్నెందుకు పిలిచావు తల్లీ? మీ నాన్నని ఎవరో చంపారని అనుమానమా?"

"లేదు. నేనే చంపానేమో తెలుసుకుందామని."

నిదానమ్మ పక్కన కూర్చుంది.

"మూడ్రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. ఒక్కసారి వచ్చాడు. వచ్చి, కుర్చీలో కూర్చుని, మెషిన్ ఎంతవరకొచ్చిందో ఫోన్‌లో చూసుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. నిన్న సాయంత్రం ఫోన్ చేసి అనేశాను. ఆ అంకె నీకు జన్మలో దొరక్కూడదు అని. జన్మలో అన్నాను. రాత్రికి సున్నా వచ్చింది. బాబాయ్ పొద్దున చెప్పాడు, సున్నా అంటే దొరకనట్టే అని." ఆగింది. "ఏడుపు రావడం లేదండీ. నాన్న పోతే ఏడుపు రానిదాన్ని ఏమనాలి?"

"నన్నడక్కు. నాకు రెండేళ్ళుగా రావడం లేదు."

అది ఓదార్పు కాదు, ఉన్న మాట. ఆ అమ్మాయి మొదటిసారి తలెత్తి ఆవిణ్ణి చూసింది.

"చిన్న మేష్టారు నీకు బాబాయా?"

"వరసకి కాదు. నేను పుట్టినప్పట్నుంచీ మా ఇంట్లోనే ఉండేవాడు సాయంత్రాలు. ఇద్దరూ లెక్కలు, నేను మధ్యలో. నాకు గుణకారాలు రావని ఆట కనిపెట్టాడు నాన్న. ముప్పై ఒకటి ఆట."

"ఎలా ఆడేవారు?"

"నాలుగుతో మొదలు. దాన్ని దానితోనే హెచ్చవేసి రెండు తీసెయ్యాలి. ముప్పై ఒకటి దాటితే ముప్పై ఒకటితో భాగించి, మిగిలింది ఉంచుకోవాలి. మళ్ళీ అదే. అలా మూడుసార్లు. సరిగ్గా చేస్తే అందరూ చప్పట్లు. నాన్న గబగబా కొట్టేవాడు, ఊపిరాడకుండా. బాబాయ్ మాత్రం మూడే కొట్టేవాడు, ఆగి ఆగి, క్లాసులో గోల ఆపమన్నట్టు. నాకు ఆ మూడే ఇష్టంగా ఉండేవి."

నాలుగుతో మొదలుపెట్టి ఒకే పని మళ్ళీ మళ్ళీ. ఇంతకుముందే ఆ మాట ఎక్కడ విన్నదో నిదానమ్మకి వెతుక్కోనక్కర్లేకపోయింది.

"చివర ఏం మిగిలితే చప్పట్లు?"

ఆ అమ్మాయి చెప్పబోయి, నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది.

"లే. బోర్డు మీద వేసి చూపిద్దువుగాని. ఒక్క సంగతి చెప్పు ముందు, మీ నాన్న తర్వాత మళ్ళీ ఫోన్ చేశాడా?"

"వాయిస్ మెసేజ్ పెట్టాడు. పది నలభైకి. కోపంలో వినలేదు. ఇప్పుడు వినలేను. బాబాయ్ కూడా పొద్దున్నే అడిగాడు, నాన్న ఏమైనా పంపాడా అని. ఉంటే వినకుండా తీసెయ్యి తల్లీ, జీవితాంతం బాధపడతావు అన్నాడు. తీసేద్దామనే అనుకుంటున్నాను."

"ఇంకో పది నిమిషాలు ఆగు."

గదిలో ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుంటున్నాడు. చిన్న మేష్టారు కుర్చీలోంచి సగం లేచాడు, ఆ అమ్మాయిని చూసి.

"పాఠం మేష్టారు చెప్పారు, లెక్క ఈ అమ్మాయి చేస్తుంది," అంది నిదానమ్మ. "మనం చూద్దాం."

ఆ అమ్మాయి పెద్ద సున్నా పక్కన ఖాళీలో రాసింది. ముందు 31. దాని కింద 4. నాలుగు నాలుగులు పదహారు, రెండు తీస్తే పద్నాలుగు. పద్నాలుగుని పద్నాలుగుతో హెచ్చవేస్తే నూట తొంభై ఆరు, రెండు తీస్తే నూట తొంభై నాలుగు. ముప్పై ఒకటి ఆరుసార్లు పోగా ఎనిమిది. ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు, రెండు తీస్తే అరవై రెండు. ముప్పై ఒకటి సరిగ్గా రెండుసార్లు.

చాక్‌పీసు ఆగింది. తర్వాత నెమ్మదిగా, చిన్నగా, ఒక సున్నా చుట్టింది.

"ఇన్‌స్పెక్టర్, ముప్పై ఒకటి దేనితోనైనా పోతుందా?"

అతను పెదాలు కదిలిస్తూ లెక్కేసుకున్నాడు. "పోదు."

"ప్రధాన సంఖ్య. దానికి చివర సున్నా వచ్చింది. అంటే ఈ పరీక్షలో సున్నా ఓడినట్టా, గెలిచినట్టా?"

ఇన్‌స్పెక్టర్ తల తిప్పి ఆ పెద్ద సున్నాని కొత్తగా చూశాడు. చాక్‌పీసు విరిగేదాకా తిప్పి తిప్పి దిద్దిన సున్నా.

చిన్న మేష్టారు నీళ్ళు నమిలాడు. "అది... చిన్న అంకెలకి అలా ఉంటుంది. పెద్దవాటికి వేరు. మీకు అర్థం కాదు."

"పెద్దవాటికి పద్ధతి వేరా బాబాయ్?" అంది ఆ అమ్మాయి. గొంతులో కోపం కూడా లేదు. "నాన్న ఎప్పుడూ అనేవాడు, చిన్నదానికి నిజమైతేనే పెద్దదానికి నమ్ముతాను అని."

"మేడమ్, లెక్క ఒప్పుకుంటాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. స్వరం మారింది గానీ పట్టు వదల్లేదు. "ఆయన గెలిచాడు. సరే. ఈయన తప్పు చెప్పాడు, పొరపాటో ఏడుపో. కానీ తొమ్మిదికే ఇంటికెళ్ళానంటున్నాడు. కాదనడానికి మీ దగ్గరేముంది?"

ఆవిడ ఆ అమ్మాయి వైపు చూసింది. అడగలేదు, చూసింది అంతే.

ఆ అమ్మాయి ఫోన్ తీసింది.

"వద్దు తల్లీ," అన్నాడు చిన్న మేష్టారు. లేచి ఒక అడుగు వేశాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు. అలవాటు కొద్దీ పెట్టాడో, అనుమానించి పెట్టాడో అతనికే తెలియదు. "వినకు. నా మాట విను. ఆయన ఏమన్నాడో ఏమో, తర్వాత నీకు నిద్ర పట్టదు."

"ఇప్పుడు పట్టిందా బాబాయ్?"

ఆమె వేలు తెర మీద నొక్కింది. ముందు ఫ్యాన్ల రొద, ఇదే గది. తర్వాత పెద్ద మేష్టారు, పరిగెత్తి వచ్చినవాడిలా రొప్పుతూ.

"అమ్మలూ! పడుకున్నావా? వచ్చిందే! సున్నా వచ్చింది! నువ్వు తిట్టావు చూడు, అది పనిచేసింది. పొద్దున్నే వస్తాను. మెషిన్లన్నీ ఆపేసి వస్తాను, నీ దగ్గరే కూర్చుంటాను, ఫోన్ నీ చేతికిచ్చేస్తాను. చప్పట్లు కొట్టవే!"

చప్పట్లు. గబగబా, ఊపిరాడకుండా, ఒక ముసలాయన చేతులు.

అవి ఆగలేదు. వాటి వెనక, కొంచెం దూరంగా, తలుపు దగ్గర్నుంచి ఇంకో జత చేతులు. ఒకటి. ఆగి, ఇంకొకటి. ఆగి, ఇంకొకటి.

మెసేజ్ అయిపోయింది.

ఆ అమ్మాయి ఫోన్ వైపు చూడలేదు. చిన్న మేష్టారి చేతుల వైపు చూస్తోంది. ఆయన వాటిని స్వెటర్ జేబుల్లో పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక, ఇంక దాచి లాభం లేదనిపించిందేమో, బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మొదటిసారి చూసింది మీరే కదూ?" అంది నిదానమ్మ.

"తొమ్మిదేళ్ళ కింద," అన్నాడు. గొంతు పాఠం చెబుతున్నట్టే ఉంది. "ఏడు నెలలు నడిపాను. శేషం మిగిలిందని పక్కన పడేశాను. నా మెషిన్ తప్పు చేసింది. నిన్న ఏ అంకెకి వచ్చిందో చూడకుండానే చప్పట్లు కొట్టాను. నిజంగానే సంతోషంతో కొట్టాను. తర్వాత బోర్డు చూశాను. అన్నగారు నవ్వారు. నీదేరా, నీ చేతిలోంచి జారిందే, అన్నారు. వెక్కిరించలేదు, ఆయనకి వెక్కిరించడం రాదు. బాల్కనీలోకి రా, గాలి పీల్చుకుందాం అని వెనక్కి నడుస్తూ నవ్వుతున్నారు. ఒక్క నిమిషం ఆ నవ్వు ఆగితే చాలనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ మెల్లగా వెళ్ళి బాల్కనీ తలుపు ఫ్రేము ముందు, దాన్ని ఎవరూ ముట్టుకోకుండా, అడ్డంగా నిలబడ్డాడు.

నిదానమ్మకి సాయంత్రం కూర సంగతి గుర్తొచ్చింది, ఇవాళ ముద్ద దిగదనిపించింది. చాలా రోజులకి. ఆవిడ బల్ల అంచు పట్టుకుంది.

ఆ అమ్మాయి బోర్డు దగ్గరే ఉంది. అరచేతులు రెండూ తెల్లగా ఉన్నాయి. వాళ్ళ నాన్న చుట్టిన సున్నానే చూస్తూ చేతులెత్తి, గబగబా, ఊపిరాడకుండా కొట్టడం మొదలెట్టింది. సుద్ద పొడి మొహం మీద పడుతోంది, తడిసి అక్కడే అంటుకుపోతోంది. ఆపమని ఎవరూ అనలేదు. పాత అలవాటు కొద్దీ చిన్న మేష్టారి చేతులు ఒళ్ళోంచి కొంచెం పైకి లేచాయి, ఒకదాని దగ్గరికి ఒకటి వెళ్ళబోయి, ఆగిపోయాయి.